బెర్లిన్ లాటరీలో పేరొచ్చింది. చదును రోడ్డు మీద 4 గంటల లోపు పూర్తి చేయడమెలా?

వేకువ_పరుగు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. బెర్లిన్ మారథాన్ లాటరీలో నా పేరు వచ్చింది. ఎంత సంతోషంగా ఉందో అంత టెన్షన్‌గానూ ఉంది.

నా వయసు 43, బ్యాంకు ఉద్యోగం. తెల్లవారుజామునే పరుగు, వారానికి 45–50 కిలోమీటర్లు అవుతుంది. ఆగస్టులో హైదరాబాద్ ఫుల్ మారథాన్ 4:22లో పూర్తి చేశాను. అక్టోబరులో ఢిల్లీలో హాఫ్ (సగం మారథాన్) 1:52. బెర్లిన్‌లో 4 గంటల లోపు రావాలని కోరిక.

నా సందేహం ఇది. మన హైదరాబాద్ కోర్సు పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు. ఎక్కేటప్పుడు తగ్గించుకుని దిగేటప్పుడు ఊపిరి తీసుకోవడం అలవాటైపోయింది. 42 కిలోమీటర్లూ చదునుగా ఉండే రోడ్డు మీద నేనెప్పుడూ పరుగెత్తలేదు. "ఫ్లాట్ కోర్సు కదా, హాయిగా అయిపోతుంది" అంటున్నారు అందరూ. నిజంగా అంతేనా? ప్రాక్టీసులో ఏం మార్చుకోవాలి?

---

స్ప్రే_తీరం (బెర్లిన్)

అభినందనలు అండీ! మా ఊరికి వస్తున్నారంటే చాలా సంతోషం. ఇక్కడ ఈ మారథాన్ పరుగెత్తాను, నీళ్ల టేబుల్ దగ్గర వాలంటీరుగానూ నిలబడ్డాను. రెండు వైపుల నుంచీ చెప్తాను.

కోర్సు నిజంగానే చదును. సముద్రమట్టం నుంచి సుమారు 38 మీటర్లకు తగ్గదు, 53 మీటర్లు దాటదు. మొదలయ్యేది టియర్‌గార్టెన్ పార్కు మధ్యలో ఉన్న వెడల్పాటి రోడ్డు మీద, ముగిసేది బ్రాండెన్‌బర్గ్ గేటు దాటాక. మలుపులు ఉన్నాయి గానీ రోడ్లు విశాలం. సెప్టెంబరు ఆఖరు ఆదివారం అంటే మామూలుగా పొద్దున చల్లగా 10 డిగ్రీల అటూఇటూ ఉంటుంది.

కానీ రెండు విషయాలు. వాతావరణం ప్రతిసారీ మన మాట వినదు. 2019లో వాన తడిపేసింది. 2025లో ఎండ మండింది, కెన్యా రన్నర్ సెబాస్టియన్ సావే ఆ వేడిలో 2:02:16లో గెలిచాడు గానీ మామూలు రన్నర్లు చాలామంది అనుకున్న టైము వదులుకున్నారు. రెండోది జనం. మొదటి 5 కిలోమీటర్లు మీ పేస్ (కిలోమీటరుకి పట్టే టైము) మీ చేతిలో ఉండదు, ముందున్న వాళ్ల చేతిలో ఉంటుంది. సందు దొరికినప్పుడల్లా పక్కకి దూరి ముందుకెళ్లే వాళ్లను చూస్తుంటాను. వాళ్ల శక్తి అక్కడే సగం ఖర్చయిపోతుంది. ఆ 5 కిలోమీటర్లలో 40 సెకన్లు పోతే పోనివ్వండి.

---

గోదారి_గట్టు (భీమవరం దగ్గర)

శుభం అమ్మా. నేను డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మా డెల్టాలో పరుగెత్తాలంటే కాలువ గట్టే దిక్కు. ఎక్కడానికి గుట్ట లేదు, దిగడానికి పల్లం లేదు. కాబట్టి చదును సంగతి నాకు తెలిసినంత మీ హైదరాబాద్ వాళ్లకి తెలీదు, ఏమీ అనుకోకండి.

చదునులో మొదటి 25 కిలోమీటర్లు సుఖం. అసలు కథ ఆ తర్వాత. ఎత్తుపల్లాల రోడ్డులో ఎక్కేటప్పుడు పిక్కలూ పిరుదులూ పనిచేస్తాయి, దిగేటప్పుడు తొడ ముందు కండరాలు మోస్తాయి. ఒకదానికి పని పడినప్పుడు ఇంకోదానికి కాస్త విరామం. చదునులో ఆ వంతులు లేవు. ఒకే అడుగు, ఒకే కోణం, ఒకే దెబ్బ, వేల సార్లు. 30 దాటాక తొడ వెనక నరం పట్టేసినట్టవుతుంది, తుంటి దగ్గర బిగుసుకుంటుంది. ఊపిరి బాగానే ఉంటుంది, కాలు మాత్రం లేవదు. ఇక్కడ చాలామంది పిల్లలు "మాస్టారూ, ఆయాసం లేదు కానీ కాలు రావట్లేదు" అని అదే మాట చెప్తారు.

ఇంకోటి. గుట్ట వస్తే ఎవరైనా తగ్గుతారు, రోడ్డే తగ్గిస్తుంది. చదునులో నిన్ను ఆపేది ఏదీ లేదు. 3వ కిలోమీటరులో నీకు తెలియకుండానే 20 సెకన్లు ఎక్కువ వేగంతో వెళ్లిపోతావు, ఒళ్లు కూడా ఏమీ చెప్పదు. 33వ కిలోమీటరులో చెప్తుంది.

---

వైజాగ్_ఫిజియో (విశాఖపట్నం)

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. స్పోర్ట్స్ ఫిజియోగా నేను దానికి కొంచెం కలుపుతాను.

వేకువ గారూ, ముందు లక్ష్యం సంగతి. హాఫ్ టైము నుంచి ఫుల్ అంచనా వేయడానికి రన్నర్లు వాడే లెక్క ఒకటుంది, రీగెల్ ఫార్ములా. హాఫ్ టైమును సుమారు 2.085తో గుణించాలి. మీ 1:52కి 3:53 వస్తుంది. అయితే వారానికి 45–50 కిలోమీటర్లు పరుగెత్తే వాళ్లకి ఈ లెక్క కాస్త ఆశపెట్టే లెక్కే. వారానికి 60–65కి నెమ్మదిగా పెంచగలిగితే 3:58 మీకు అందే దూరంలోనే ఉంది. హైదరాబాద్‌లో 4:22 అంటే ఆగస్టు ఉక్కపోత, ఫ్లైఓవర్లు కలిపి. ఆ టైము చూసి భయపడకండి.

ఇప్పుడు ప్రాక్టీసు. ఎత్తుపల్లాల్లో పరుగు మానేయకండి, అది మీ బలం. కానీ జూలై నుంచి రెండు వారాలకోసారి ఒక లాంగ్ రన్ పూర్తిగా చదును మీద చేయండి. అందులో మధ్యలో ఆగకుండా మారథాన్ పేస్‌లో 10 కిలోమీటర్లతో మొదలుపెట్టి 16 దాకా తీసుకెళ్లండి. ఉదాహరణకి మొత్తం 28 అనుకుంటే, మొదటి 10 నెమ్మదిగా, తర్వాత 15 మీ బెర్లిన్ పేస్, చివరి 3 నెమ్మదిగా. ఒకే వేగాన్ని ఒకే కండరాలతో గంటన్నర మోయడం కాళ్లకి నేర్పాలి. హైదరాబాద్‌లో అయితే నెక్లెస్ రోడ్డు అటూ ఇటూ తిరగడం మేలు. విసుగొస్తుంది, ఆ విసుగు కూడా ప్రాక్టీసే.

వారానికి రెండు సార్లు పిక్కలకీ తొడ వెనక కండరాలకీ వ్యాయామం తప్పనిసరి. మెట్టు అంచున నిలబడి ఒంటికాలితో మడమ ఎత్తడం, నేల మీద పడుకుని ఒంటికాలి బ్రిడ్జి. జిమ్ అక్కర్లేదు.

---

సబ్3_వేట (బెంగళూరు)

అందరూ నెమ్మదిగా మొదలుపెట్టమంటారు. నేను ఒప్పుకోను. మన లాంటి వాళ్లకి చివరి 10 కిలోమీటర్లలో ఎలాగూ వేగం పడిపోతుంది. అలాంటప్పుడు కాళ్లు తాజాగా ఉన్నప్పుడే మూడు నాలుగు నిమిషాలు కలిసొచ్చేలా చూసుకోవడం తెలివైన పని. బెర్లిన్ లాంటి కోర్సు దానికే ఉంది. కెన్యా రన్నర్ కిప్‌చోగె 2022లో అక్కడే మొదటి సగం 59:51లో పరుగెత్తాడు, రెండో సగం 61:18. అయినా 2:01:09తో ప్రపంచ రికార్డు. ముందు వేగంగా వెళ్తే తప్పనేవాళ్లు దీనికేమంటారు?

---

వైజాగ్_ఫిజియో (విశాఖపట్నం)

మంచి ప్రశ్న అండీ. అదే కిప్‌చోగె 2018లో అదే బెర్లిన్‌లో మొదటి సగం 61:06, రెండో సగం 60:33 పరుగెత్తి 2:01:39తో రికార్డు పెట్టాడు. అప్పుడు 25వ కిలోమీటరు నుంచి పేసర్లు (వేగం నిలబెట్టడానికి ముందు పరుగెత్తేవాళ్లు) లేరు, మిగతా 17 కిలోమీటర్లు ఒంటరి పరుగు. రెండు పద్ధతులూ ఆయనకి పనిచేశాయి. ఇక 2022లో రెండో సగంలో పోగొట్టుకుంది 87 సెకన్లే. మనలో తొందరపడిన వాళ్లు పోగొట్టుకునేది ఎంతో మీకూ తెలుసు, పదిహేను ఇరవై నిమిషాలు.

కారణం ఇంధనం. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ పరిమితం. వేగం కొంచెం పెరిగినా కొవ్వు వాడకం తగ్గి గ్లైకోజెన్ ఖర్చు పెరుగుతుంది. మొదట మిగుల్చుకున్న నిమిషానికి 32వ కిలోమీటరు దగ్గర వడ్డీతో కట్టాలి.

---

సబ్3_వేట (బెంగళూరు)

గ్లైకోజెన్ వాదన ఒప్పుకుంటాను. కానీ అందరి శరీరం ఒకటి కాదు. నా అత్యుత్తమ టైము ముందు వేగంగా వెళ్లినప్పుడే వచ్చింది. వేకువ గారికి మొదటి ఫ్లాట్ ఫుల్ కాబట్టి ఫిజియో గారి మాట వినడమే మంచిది, అంతవరకు సరే. అనుభవం ఉన్నవాళ్లకి మాత్రం నా సలహా మారదు.

---

షికాగో_తెలుగు (నేపర్‌విల్)

నేను పరుగెత్తేది షికాగో, అక్టోబరు రెండో ఆదివారం. అదీ బల్లపరుపు కోర్సే. కెల్విన్ కిప్టమ్ 2023లో 2:00:35 ఇక్కడే పరుగెత్తాడు. ఆ మనిషి నాలుగు నెలలకే రోడ్డు ప్రమాదంలో పోవడం ఇప్పటికీ మింగుడుపడదు.

వేకువ గారికి నేను చెప్పేది వాచీ గురించి. మారథాన్ 42.195 కిలోమీటర్లు కొలిచేది మలుపుల్లో అతి దగ్గరి దారి పట్టుకుని. జనం మధ్యలో ఆ దారి మనకి దొరకదు. చివరికి వాచీలో 42.6 అటూఇటూ కనిపిస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. 4 గంటలకి కిలోమీటరుకి 5:41 చాలు అనుకుంటారు. 42.195కి అది 3:59:48, నిజమే. కానీ మీరు 42.6 పరుగెత్తితే అదే 5:41 మిమ్మల్ని 4 గంటలు దాటించి రెండు నిమిషాలు వెనక పడేస్తుంది. అంటే వాచీలో 5:38 కనిపించాలి, కాస్త భరోసాగా ఉండాలంటే 5:36.

ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే ఆటో ల్యాప్ (వాచీ తనంతట తానే కిలోమీటర్లు లెక్కపెట్టడం) ఆపేసి, రోడ్డు పక్కన కిలోమీటరు బోర్డు దాటినప్పుడల్లా మీరే బటన్ నొక్కడం. షికాగో డౌన్‌టౌన్‌లో ఆకాశహర్మ్యాల మధ్య జీపీఎస్ పిచ్చెక్కిపోతుంది, మొదటి మైలులోనే వంతెన కింద సిగ్నల్ పోతుంది. కొందరికి మొదటి కిలోమీటరు ప్రపంచ రికార్డు వేగంతో పరుగెత్తినట్టు చూపిస్తుంది. బెర్లిన్‌లో అంత ఎత్తు భవనాలు లేవు కాబట్టి కొంత నయం.

---

స్ప్రే_తీరం (బెర్లిన్)

షికాగో సోదరుడు చెప్పిన దానికి మా దగ్గర ఒక సాయం ఉంది. రోడ్డు మీద నీలి గీత వేస్తారు, అతి దగ్గరి దారి అదే. దాన్ని పట్టుకుని వెళ్తే వాచీకి, బోర్డుకి తేడా తగ్గుతుంది. అయితే ప్రతి ఒక్కరూ ఆ గీత మీదే ఉండాలనుకుంటారు. గీత కనిపించినప్పుడు వాడుకోండి, దానికోసం తోసుకోకండి.

నీళ్ల టేబుళ్ల గురించి అడగకపోయినా చెప్పి తీరాలి. మొదటి టేబుల్ దగ్గర అందరూ ఆగిపోతారు, వెనక వాళ్లు గుద్దుకుంటారు. టేబుళ్లు వరసగా చాలా దూరం ఉంటాయి, చివరి టేబుళ్ల దగ్గర ఖాళీ. అక్కడికి వెళ్లి తీసుకోండి. కప్పు అందుకున్నాక పైఅంచు నొక్కి సన్నటి ముక్కులా చేసి తాగితే ముక్కులోకి పోదు. మేం కప్పును అరచేతిలో అడుగు భాగం పట్టుకుని చాపుతాం, మీరు పైనుంచి అందుకోవాలి. పక్కనుంచి లాగితే సగం మా చేతి మీద పడుతుంది.

ఇక నేల. పది పదిహేను వేల మంది దాటాక ఆ యాభై మీటర్లు కప్పులతో నిండిపోతుంది. నీళ్లున్న చోట జారుడు, తీపి డ్రింకు పడ్డ చోట బూటు అంటుకుని అడుగడుక్కీ చర్ర్ చర్ర్ మని చప్పుడు. టేబుల్ దాటగానే రోడ్డు మధ్యకి వచ్చేయండి. నేను చూసిన పడిపోవడాలు ఎక్కువ అక్కడే.

---

కొత్త_బూట్లు (విజయవాడ)

పెద్దలందరికీ నమస్కారం. నేను ఇప్పుడే 10కె పూర్తి చేసినవాణ్ణి. చదును రోడ్లు చాలా ఊళ్లలో ఉంటాయి కదా, మరి అందరూ బెర్లిన్ అనే ఎందుకు అంటారు? కార్బన్ ప్లేట్ బూట్లు ఉంటేనే అక్కడ టైము వస్తుందా?

---

గోదారి_గట్టు (భీమవరం దగ్గర)

బాబూ, అందరూ బెర్లిన్ అనేది అక్కడ పడ్డ ప్రపంచ రికార్డుల వల్ల. ఆ కథ నాకు నోటికి వచ్చు, చెప్తాను.

1998లో బ్రెజిల్ మనిషి రొనాల్డో ద కోస్టా 2:06:05తో మొదలుపెట్టాడు. 2003లో పాల్ టెర్గాట్ 2:04:55, 2 గంటల 5 నిమిషాల లోపు వచ్చిన మొదటివాడు. హైలే గెబ్రెసెలాసీ 2007లో 2:04:26, మరుసటి ఏడే 2:03:59. ఆ తర్వాత మకావు, కిప్‌సాంగ్, 2014లో కిమెట్టో 2:02:57. తర్వాత కిప్‌చోగె రెండు సార్లు. అన్నీ ఆ ఊళ్లోనే.

ఆడవాళ్ల సంగతి ఇంకా గొప్పది. 2001లో జపాన్ అమ్మాయి నావోకో తకహాషి 2:19:46తో, 2:20 లోపు వచ్చిన మొదటి మహిళ అయింది. 2023లో టిగ్స్ట్ అసెఫా 2:11:53. అంతకు ముందు రికార్డు 2:14:04. ఒక్క పరుగులో రెండు నిమిషాల పైన కోసేసింది! ఆ రోజు ఆమె 138 గ్రాముల బూటు వేసుకుంది. కానీ బాబూ, ఆమె అంతకు ముందు 800 మీటర్లు పరుగెత్తిన మనిషి, ఆ కాళ్ల వేగం బూటు ఇచ్చింది కాదు.

బూట్లు లేని వాళ్ల కథ కూడా తెలుసుకో. శివనాథ్ సింగ్ ఉత్తి కాళ్లతో పరుగెత్తినవాడని పేరు. ఆయన 1978లో జలంధర్‌లో 2:12:00 పరుగెత్తితే ఆ జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలు దాటినా చెక్కుచెదరలేదు. ఆయన పేరు మన స్కూలు పుస్తకాల్లో ఉండాల్సింది. ఆ బాధ నాకు పోదు.

---

స్ప్రే_తీరం (బెర్లిన్)

మాస్టారూ, మీకు దణ్ణం.

కొత్త_బూట్లు గారికి ఇంకో మాట. చదును ఒక్కటే చాలదు. చల్లటి వాతావరణం, తక్కువ గాలి, పోటీకి గట్టి పేసర్లు, అన్నీ కలవాలి. అలాగే రికార్డుగా లెక్కలోకి రావాలంటే నియమాలున్నాయి. మొదలూ చివరా మధ్య నేరు దూరం మొత్తంలో సగం మించకూడదు, పల్లం కిలోమీటరుకి సగటున ఒక మీటరు మించకూడదు. అందుకే 2011లో జెఫ్రీ ముతాయి బోస్టన్‌లో 2:03:02 పరుగెత్తినా ప్రపంచ రికార్డుగా గుర్తించలేదు. బెర్లిన్‌లో మొదలూ చివరా దగ్గర దగ్గరే, ఆ పేచీ లేదు.

అయితే ఈ ఊరి వాళ్లకి ఈ పరుగు అంటే రికార్డులు మాత్రమే కాదు. 1974లో ఊరి చివర గ్రూనెవాల్డ్ అడవి పక్కన 244 మంది పూర్తిచేసిన చిన్న పరుగు ఇది. 1981లో నగరం మధ్యలోకి వచ్చింది, అదీ పశ్చిమ బెర్లిన్‌లో మాత్రమే, గోడ ఇంకా ఉంది కదా. 1990 సెప్టెంబరు 30న, రెండు జర్మనీలు కలవడానికి మూడు రోజుల ముందు, మొదటిసారి బ్రాండెన్‌బర్గ్ గేటు కిందుగా తూర్పులోకి పరుగెత్తారు. ఆ రోజు గేటు కింద ఏడుస్తూ పరుగెత్తిన వాళ్లు ఎందరో. నేను పనిచేసే చోట ఒక పెద్దాయన ఆ పరుగులో ఉన్నారు. ఇప్పటికీ ఆ మాటెత్తితే గొంతు మారిపోతుంది.

---

వేకువ_పరుగు (హైదరాబాద్)

ఇన్ని విషయాలు చెప్తారని అనుకోలేదు. మాస్టారు గారూ, ఫిజియో గారూ, మీరు చెప్పినవి డైరీలో రాసుకున్నాను. మరి తిండి సంగతి? నేను శాకాహారిని. ఇక్కడ లాంగ్ రన్‌లో ఖర్జూరం, పల్లీ చిక్కీ తింటాను, మధ్యలో ఎలక్ట్రాల్ నీళ్లు. జెల్స్ (పరుగులో మింగే తీపి గుజ్జు ప్యాకెట్లు) అంటే కడుపులో తిప్పుతుంది. బెర్లిన్‌లో ముందు రోజు రాత్రి ఏం తినాలి?

---

వైజాగ్_ఫిజియో (విశాఖపట్నం)

చిక్కీ పరుగు మధ్యలో వద్దండీ. పల్లీల్లో కొవ్వు ఎక్కువ, అరగడానికి టైము పడుతుంది. ఖర్జూరం పరవాలేదు, గింజ తీసి చిన్న ముక్కలు చేసుకోండి. గంటకి 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. ఒక జెల్‌లో సుమారు 25 గ్రాములు ఉంటుంది. జెల్ తిప్పడానికి చాలాసార్లు కారణం దాన్ని నీళ్లు లేకుండా మింగడం, లేదా తీపి డ్రింకుతో కలిపి తాగడం. మామూలు నీళ్లతో, నాలుగైదు సార్లుగా కొంచెం కొంచెంగా తీసుకోండి. కడుపుకి కూడా ప్రాక్టీసు కావాలి, ప్రతి లాంగ్ రన్‌లో అదే కంపెనీ, అదే టైముకి. మొదటిది 35–40 నిమిషాలకే మొదలుపెట్టాలి, ఆకలేసే దాకా ఆగితే ఆలస్యమే.

నీళ్ల విషయంలో ఒక హెచ్చరిక. హైదరాబాద్ చెమటకి అలవాటై ప్రతి టేబుల్ దగ్గరా రెండేసి కప్పులు తాగకండి. చల్లటి ఊళ్లో, 4 గంటల పరుగులో అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. దాహమేసినంత తాగండి, చాలు. ఇంకా ముఖ్యం, పరుగుకి ముందూ మధ్యలో ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వద్దే వద్దు. చెమట పట్టిన ఒంటికి అవి కిడ్నీల మీద భారం.

---

స్ప్రే_తీరం (బెర్లిన్)

ముందు రోజు రాత్రి తిండికి దారి సులువు. హోటల్ గది కాకుండా వంటగది ఉన్న చిన్న అపార్టుమెంటు తీసుకోండి. బియ్యం, బంగాళాదుంపలు, పెరుగు ఏ సూపర్ మార్కెట్లో అయినా దొరుకుతాయి. సాయంత్రం ఆరున్నరకల్లా అన్నం, నూనె తక్కువ ఆలూ కూర, పెరుగన్నం తినేసి పడుకోవచ్చు. పప్పు, ఆకుకూర, పచ్చళ్లు ఆ ఒక్కరోజు పక్కన పెట్టండి, పొద్దున ఇబ్బంది పెడతాయి. పొద్దున బ్రెడ్, తేనె, అరటిపండు. దారిలో నీళ్లు, ఎనర్జీ డ్రింకు, అరటిపండు, ఆపిల్ ముక్కలు, గోరువెచ్చని టీ కూడా ఇస్తారు. టీ అంటే మన చాయ్ కాదు, పాలు ఉండవు.

టైము తేడా మీకు కలిసొస్తుంది. సెప్టెంబరులో ఇండియా మా బెర్లిన్ కంటే మూడున్నర గంటలు ముందు. మొదటి వేవ్ (ఒకేసారి వదిలే రన్నర్ల గుంపు) 9:15 ప్రాంతంలో మొదలవుతుంది, మీ వేవ్ ఆ తర్వాత. అంటే మీ ఒంటికి అది మధ్యాహ్నం ఒంటిగంట దాటిన సమయం. తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది, తిని అరగడానికి బోలెడు టైము. గురువారం దిగితే చాలు.

శుక్రవారమే ఎక్స్‌పోకి వెళ్లండి. పాత టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం హ్యాంగర్లలో జరుగుతుంది. బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు) అక్కడే ఇస్తారు. పాస్‌పోర్టు చూపించి మీరే తీసుకోవాలి, వేరేవాళ్లకి ఇవ్వరు. చేతికి ఒక పట్టీ కడతారు, ఆదివారం దాకా తీయొద్దు, అది లేకపోతే స్టార్ట్ దగ్గరికి రానివ్వరు. ఎక్స్‌పోలో మూడు గంటలు తిరిగితే ఆదివారం కాళ్లు గుర్తుచేస్తాయి.

---

మోడరేటర్

వీసా గురించి కొందరు ప్రైవేటుగా అడుగుతున్నారు. షెంజెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పెద్దలకి ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీలు వేరు. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. సెప్టెంబరు పరుగుకి ఏప్రిల్‌లోనే చూసుకోండి. మిగతా వీసా ప్రశ్నలు ప్రయాణాల విభాగంలో అడగగలరు.

---

షికాగో_తెలుగు (నేపర్‌విల్)

స్ప్రే_తీరం గారూ, చివరి 10 కిలోమీటర్లు ఎలా ఉంటాయో కాస్త చెప్పండి. షికాగోలో చివర రూజ్‌వెల్ట్ రోడ్డు మీద చిన్న ఎత్తు ఉంది, మామూలు రోజున కంటికి కూడా ఆనదు, ఆ రోజు మాత్రం కొండ. బెర్లిన్‌లో అలాంటిది ఉందా?

---

స్ప్రే_తీరం (బెర్లిన్)

అలాంటి ఎత్తు చివర లేదు. 28వ కిలోమీటరు దగ్గర విల్డర్ ఏబర్ అనే కూడలి ఉంది, అక్కడ బ్యాండ్లు, డాన్సులు, జనం గోల. ఆ హోరుకి కాళ్లు వాటంతట అవే వేగం పెంచేస్తాయి. అక్కడే జాగ్రత్త, వాచీ చూసుకోండి. ఆ తర్వాత 33 నుంచి కుర్‌ఫ్యూర్‌స్టెన్‌డామ్, పొడుగాటి షాపింగ్ వీధి. నేరుగా కనిపిస్తూనే ఉంటుంది, తరగదు. నా లెక్కలో కోర్సు మొత్తంలో మనసుకి కష్టమైన ముక్క అదే. దూరంగా చూడకుండా ముందున్న ఒకరి బనియను వీపు మీద చూపు పెట్టుకుని వెళ్తాను.

38 దగ్గర పోట్స్‌డామర్ ప్లాట్జ్. చివర్లో ఉంటర్ డెన్ లిండెన్ వీధిలోకి తిరగ్గానే ఎదురుగా గేటు కనిపిస్తుంది. అందరూ అదే ఫినిష్ అనుకుని ఉన్నదంతా పెట్టేస్తారు. గేటు దాటాక కూడా మూడు నాలుగు వందల మీటర్లు ఉంది. వేకువ గారూ, ఇది గుర్తుపెట్టుకోండి, గేటు కింద 3:57:30 దాటకుండా ఉండాలి.

---

గోదారి_గట్టు (భీమవరం దగ్గర)

అమ్మా, నెక్లెస్ రోడ్డు విసుగనిపిస్తే ఒక శనివారం రైలెక్కి మా వైపు రా. ఆదివారం పొద్దున నాలుగున్నరకి గట్టు మీద 30 కిలోమీటర్లు తీసుకెళ్తాను, నేను సైకిల్ మీద నీళ్లు పట్టుకుని పక్కనే వస్తాను. ఎక్కడా అడుగు ఎత్తు ఉండదు. మా ఇంటావిడ ఇడ్లీ పెడుతుంది.

---

వేకువ_పరుగు (హైదరాబాద్)

మాస్టారూ, తప్పకుండా వస్తాను, ఆగస్టు మొదటి వారాంతం అనుకుంటున్నాను. మా వారినీ తీసుకొస్తాను.

ఇంకొక్క ప్రశ్న స్ప్రే_తీరం గారికి. మా వారు, మా అమ్మాయి బెర్లిన్ వస్తున్నారు. వాళ్లకి జర్మన్ రాదు. నన్ను దారిలో రెండు చోట్లయినా చూడాలని వాళ్ల ఆశ. నాక్కూడా 35 దాటాక ఒక తెలిసిన ముఖం కనిపిస్తే చాలు అనిపిస్తోంది. వీలవుతుందా?

---

స్ప్రే_తీరం (బెర్లిన్)

హాయిగా వీలవుతుంది. మొదట కొట్‌బుసర్ టోర్ దగ్గర నిలబడమనండి, సుమారు 15వ కిలోమీటరు. మీ వేవ్ మొదలైన దాదాపు గంటా ఇరవై ఐదు నిమిషాలకి అక్కడికి వస్తారు. మీరు దాటగానే అదే స్టేషన్లో యు1 గానీ యు3 గానీ మెట్రో ఎక్కితే మధ్యలో మారకుండా నేరుగా నోలెన్‌డార్ఫ్‌ప్లాట్జ్‌లో దిగొచ్చు. అక్కడ కోర్సు సుమారు 36వ కిలోమీటరు. మీకు ఆ మధ్య దూరానికి రెండు గంటలు పడుతుంది, వాళ్లకి టీ తాగి వెళ్లేంత తీరిక ఉంటుంది.

రోడ్డుకి ఏ వైపు నిలబడతారో ముందే అనుకోండి. మీరు పరుగెత్తే దిశలో కుడి వైపు అనుకుందాం, రెండు చోట్లా కుడి వైపే. వేల మంది మధ్యలో వాళ్లు మిమ్మల్ని పట్టుకోవడం కష్టం, మీరే వాళ్లని వెతకాలి. అందుకని దూరానికి కనిపించే రంగు గొడుగో, చీర కొంగు లాంటి పొడుగాటి గుడ్డో ఎత్తి పట్టుకోమనండి. రన్నర్ల మధ్యలోంచి రోడ్డు దాటే ప్రయత్నం మాత్రం వద్దు. అవతలి వైపుకి వెళ్లాలంటే మెట్రో స్టేషన్ దారిలోంచి వెళ్లొచ్చు. ఫినిష్ దగ్గర కలుసుకోవడానికి అక్షరాల బోర్డులు పెట్టిన చోటు ఒకటి ఉంటుంది. ఏ అక్షరం కిందో శనివారం రాత్రే అనుకోండి, ఆ గుంపులో ఫోన్లు సరిగ్గా పనిచేయవు. ఆ రోజు నాకు 36 దగ్గరే డ్యూటీ పడేలా అడుగుతాను. పడితే మీ వాళ్ల పక్కనే ఉంటాను.